పండగనాడు బయట నిలబడ్డ మనిషి

ఈవేళ మాట్లాడబోయేది అమెరికా టెలివిజన్‌లో దశాబ్దాలపాటు నడిచిన హాస్య ధారావాహికల గురించి, అందులోనూ వాటి పండగ ఎపిసోడ్ల గురించి. సిట్‌కామ్ అని పిలిచే ఈ కార్యక్రమాలు వారానికోసారి అరగంటసేపు వచ్చేవి. ఒక ఇల్లు, లేదంటే ఒక ఆఫీసు, లేదంటే ఒక బారు. అందులో నలుగురో అయిదుగురో మనుషులు. ఏదో ఒక చిక్కు వచ్చిపడుతుంది, అరగంట తిరిగేలోగా అది విడిపోతుంది, వచ్చేవారానికి అంతా ఎప్పటిలాగే ఉంటుంది. నవంబరు నాలుగో గురువారం వచ్చే థ్యాంక్స్‌గివింగ్‌కీ, డిసెంబరు 25న వచ్చే క్రిస్మస్‌కీ మాత్రం ఆ పండగ చుట్టూ ఒక కథ అల్లేవారు. ఏళ్ళు గడిచాయి, ఆ నటుల్లో చాలామంది కాలం చేశారు, అయినా పండగ దగ్గరపడేసరికి ఆ కథలను వెతికి మరీ చూసేవాళ్ళు ఇప్పటికీ ఎందరో ఉన్నారు. ఈ మక్కువను చూసి కొందరు, ఆ రోజులే వేరు, అప్పటి మనుషులు మంచివాళ్ళు అంటారు. ఇంకొందరు, ఇదంతా ఉత్త పలాయనం, ఎన్నడూ లేని లోకాన్ని ఊహించుకుని మురిసిపోవడం అంటారు. ఆ ఎపిసోడ్లలో ఉన్నదంతా సుఖమేనని ఈ రెండు పక్షాలూ అనుకుంటున్నాయి. వాటిని మళ్ళీ ఒకసారి శ్రద్ధగా చూస్తే తేలేది వేరు. జనం మనసులో నిలిచిపోయిన పండగ ఎపిసోడ్లలో దాదాపు ప్రతిదానిలోనూ, ఆ రోజున ఎక్కడా చోటులేని మనిషి ఒకరుంటారు. ఆ మనిషికి చోటు దొరుకుతుందా లేదా అన్నదే కథ. ఇన్నేళ్ళ తర్వాత కూడా జనాన్ని వెనక్కి లాగుతున్నది ఆ ప్రశ్నే అని నా నమ్మకం.

ముందు కాలం సంగతి చూద్దాం. ‘ఐ లవ్ లూసీ’ 1951 అక్టోబరులో సీబీఎస్‌లో మొదలైంది. లూసిల్ బాల్, ఆమె భర్త డెసీ అర్నాజ్ అందులో భార్యాభర్తలుగానే వేశారు. ఆ రోజుల్లో చాలా కార్యక్రమాలు నేరుగా ప్రసారమై అక్కడికక్కడే పోయేవి. వీళ్ళు మాత్రం ప్రేక్షకుల ఎదుట నాటకంలా ఆడుతూ, మూడు కెమెరాలతో 35 ఎంఎం ఫిల్మ్ మీద తీశారు. ఫిల్మ్ చేతిలో ఉంది కనుక ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు. పాత సిట్‌కామ్ అంటూ ఇవాళ ఒకటి తలుచుకోవడానికి మిగిలిందంటే దానికి ఈ పద్ధతి పెద్ద కారణం. 1956 డిసెంబరు 24న లూసీ క్రిస్మస్ ఎపిసోడ్ వచ్చింది. లూసీ, రికీ దంపతులు, వాళ్ళ ఇంటి యజమానులైన ఫ్రెడ్, ఎథెల్ దంపతులు క్రిస్మస్ చెట్టు అలంకరిస్తూ, పసివాడు పుట్టకముందు రోజులు గుర్తుచేసుకుంటారు. ఆ గుర్తులన్నీ పాత ఎపిసోడ్ల ముక్కలే. అంటే అయిదేళ్ళయినా గట్టిగా దాటని కార్యక్రమం అప్పటికే తన పాతరోజులు తలుచుకుంటోంది! చివరికి నలుగురూ సాంటా వేషాలు కట్టుకుని వస్తారు. లెక్కపెట్టుకుంటే అయిదుగురున్నారు. ఆ అయిదోవాడు ఎవరో తెలిసేలోగా మాయమవుతాడు.

ఆ తర్వాత ‘ఐ లవ్ లూసీ’ని ఊరూరి స్టేషన్లు మళ్ళీ మళ్ళీ వేశాయి కానీ, వాటికి అమ్మిన కట్టలో ఈ ఎపిసోడ్ లేదు. మూడు దశాబ్దాలకు పైగా అది మరుగునపడి ఉంది. లూసిల్ బాల్ 1989 ఏప్రిల్‌లో చనిపోయింది. అదే ఏడాది డిసెంబరులో సీబీఎస్ దాన్ని వెలికితీసి ప్రసారం చేసింది. అంటే 1956 తర్వాత పుట్టినవాళ్ళలో ఎవరికీ అది తిరిగి చూడటం కాదు, మొదటిసారి చూడటమే. అయినా చూసినవాళ్ళు దాన్ని చిరపరిచితమైన వస్తువులాగే అందుకున్నారు, అప్పటినుంచి ఏటేటా చూసేవాటిలో చేర్చుకున్నారు. పాత కాలం మంచిదని నమ్మేవాళ్ళు ఈ ఒక్క సంగతి దగ్గర కాసేపు ఆగి ఆలోచించాలి. తాము గడిపిన కాలం మీద బెంగ అయితే, తాము గడపని కాలం మీద ఎందుకు పుడుతుంది? ఆ కథల లోపల ఉన్నదేదో దాన్ని పుట్టిస్తూ ఉండాలి.

లోపల ఏముందో చూద్దాం. ‘ద హనీమూనర్స్’ 1955 డిసెంబరు 24న క్రిస్మస్ ఎపిసోడ్ వేసింది. రాల్ఫ్ క్రామ్డెన్ బ్రూక్లిన్‌లో బస్సు డ్రైవరు. జాకీ గ్లీసన్ వేసిన ఆ పాత్రకు పెద్ద నోరు, దానికి తగ్గ పెద్ద ఆశలు, ఖాళీ జేబు. ఆ ఇంట్లో మనకు కనిపించేదంతా ఒక్కటే గది. ఒక బల్ల, కొన్ని కుర్చీలు, ఒక పాత ఐసు పెట్టె, ఒక కిటికీ. గోడలకు అలంకారమంటూ ఏమీ లేదు. అప్పటి టెలివిజన్‌లో ఇంత బోడి గది ఇంకోటి కనపడదు. భార్య ఆలిస్‌కు రాల్ఫ్ ఒక డబ్బా కొంటాడు. జపాన్ చక్రవర్తి ఇంటినుంచి వచ్చిన అరుదైన వస్తువని అమ్మినవాడు చెప్పాడు. తీరా చూస్తే అది అగ్గిపుల్లలు అతికించి చేసిన పెట్టె, పొరుగావిడ ఆలిస్‌కు అచ్చం అలాంటిదే ఇచ్చివెళ్తుంది. ఇంకో బహుమతి కొనడానికి డబ్బుల్లేవు. తన ప్రాణంతో సమానమైన బౌలింగ్ బంతిని అమ్ముకుంటాడు. ఆలిస్ అతని కోసం కొన్నదేమిటంటే, ఆ బంతి పెట్టుకోవడానికి ఒక సంచి. భార్యాభర్తలు ఒకరికోసం ఒకరు ఉన్నది అమ్ముకునే ఓ. హెన్రీ కథ తెలిసినవాళ్ళకు ఈ మలుపు కొత్తది కాదు. ఇక్కడ కొత్తది ఆ గది. లేమి అక్కడ ముచ్చటగా కనిపించదు. పండగనాడు కూడా ఆ గదికి రంగు రాదు. మంచి రోజులంటే ఇవేనా అని అడిగితే, ఆ ఎపిసోడ్ ఔనని చెప్పదు.

పైగా ‘ద హనీమూనర్స్’ తన కాలంలో అంతగా ఆడలేదు. అవతలి చానల్లో పెర్రీ కోమో సంగీత కార్యక్రమం జనాన్ని లాగేసుకుంది. ఒక్క సీజన్, 39 ఎపిసోడ్లు, అంతటితో సరి. దాన్ని అజరామరం చేసింది న్యూయార్క్‌లోని డబ్ల్యూపీఐఎక్స్ స్టేషన్ ఏళ్ళ తరబడి రాత్రుళ్ళు వేసిన పునఃప్రసారాలు. ఆ 39నే తిప్పి తిప్పి చూస్తూ పెరిగిన పిల్లలు 1955 నాటివాళ్ళు కారు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ ‘ద ఆండీ గ్రిఫిత్ షో’ 1960 డిసెంబరు 19న వేసిన క్రిస్మస్ కథ. ఉత్తర కరోలైనాలోని మేబెర్రీ అనే కల్పిత పల్లెటూరు, ఆ ఊరి షెరిఫ్ ఆండీ. ఊళ్ళో పెద్ద దుకాణదారుడు బెన్ వీవర్ క్రిస్మస్ ముందురోజున ఒక పేదవాణ్ణి లాక్కొస్తాడు. దొంగసారా కాశాడు, లోపల వెయ్యండి అంటాడు. పండగ వెళ్ళాక చూద్దామని ఆండీ బతిమాలితే ఒప్పుకోడు. చట్టం చట్టమే. సరే అని ఆండీ ఆ ఖైదీ భార్యాపిల్లల్ని కూడా జైల్లోకే తెస్తాడు. చెట్టు, భోజనం, గిటారు, పాట అన్నీ జైలుగదిలోనే. ఆ తర్వాత జరిగేది చూడాలి. బెన్ వీవర్ జైలు చుట్టూ తిరుగుతూ ఉంటాడు. తననీ అరెస్టు చేయించుకోవడానికి చిన్న చిన్న తప్పులు చేస్తాడు. జరిమానా వేస్తే ఎవరో ఒకరు కట్టేసి వదిలించేస్తారు. చివరికి సందులో చెక్కపెట్టెలు పేర్చుకుని, వాటిమీద ఎక్కి, జైలు కిటికీ ఊచల్లోంచి లోపలికి చూస్తూ నిలబడతాడు. లోపల పాట సాగుతుంటే, ఎవరికీ వినపడకుండా సన్నగా గొంతు కలుపుతాడు. విల్ రైట్ అనే ముసలి నటుడు ఆ పాత్ర వేశాడు. కెమెరా ఆ ముఖం మీద చాలాసేపు నిలుస్తుంది. పెదవులు కదలడం తప్ప అతను నటించేది ఏమీ ఉండదు. పెట్టెలు జారి కిందపడ్డాక గానీ ఆండీకి అసలు సంగతి అర్థం కాదు. ఊళ్ళో అందరికంటే డబ్బున్నవాడు పండగనాడు ఒంటరి. తోడు కావాలని అడగడం అతనికి చేతకాదు, అందుకే జైలుపాలవ్వాలని చూస్తున్నాడు. ఆండీ అతన్ని మందలించడు, జాలి చూపించడు. అరెస్టు చేస్తున్నానంటాడు. జైలుకి కావలసిన సరంజామా తెచ్చుకోవడానికని బెన్ తన దుకాణానికి వెళ్ళి పెట్టె నింపుకొస్తాడు. అందులో పిల్లలకు బహుమతులున్నాయి.

ఎనిమిదేళ్ళలో 249 ఎపిసోడ్లు తీసిన ఆ ధారావాహికలో క్రిస్మస్ కథ ఇదొక్కటే. ఇది నిలిచిపోవడానికి సిట్‌కామ్ నిర్మాణంలోనే కారణం ఉందనిపిస్తుంది. ఆ తరహా కార్యక్రమం బతికేదే ఒక మూసిన వలయం మీద. అవే ముఖాలు, అదే సోఫా, అవే ఊతపదాలు. ఆ వలయంలో తానూ ఒకణ్ణని వారం వారం చూసేవాడికి అనిపించడంలోనే దాని విజయం ఉంది. మామూలు వారాల్లో బయటివాడు వస్తే నవ్వించి వెళ్ళిపోతాడు. పండగనాడు అలా కుదరదు. తలుపు వేసుకుని తామంతా భోంచేస్తుంటే బయటివాడి సంగతేమిటన్న ప్రశ్న ఆ రోజే వస్తుంది. ‘మేరీ టైలర్ మూర్ షో’ 1970 డిసెంబరులో వేసిన కథలో పెళ్ళికాని ఉద్యోగిని మేరీ, పిల్లలున్న సహోద్యోగి బతిమాలితే కాదనలేక, పండగ ముందు రాత్రి వార్తల గదిలో ఒంటరిగా డ్యూటీ చేస్తుంది. పెళ్ళాం పిల్లలు ఉన్నవాళ్ళకే పండగ అవసరమని ఆఫీసులన్నీ ఎలా తీర్మానించేస్తాయో ఆ కథ ఎత్తి చూపించింది. 1986 నవంబరులో ‘చీర్స్’ వేసిన థ్యాంక్స్‌గివింగ్ కథలో, వెళ్ళడానికి ఇల్లంటూ లేని బారు జనమంతా, ఆ బారులో పనిచేసే కార్లా ఇంట్లో చేరతారు. టర్కీ కోడి ఎంతకీ ఉడకదు, ఆకలి కోపంగా మారుతుంది, చివరికి ఒకళ్ళ ముఖాన ఒకళ్ళు కూరలు విసురుకుంటారు. ఆ బల్ల దగ్గర ఆప్యాయత ఏమంత కనపడదు. అయినా దాన్ని మరిచిపోయినవాళ్ళు లేరు.

రేడియో వినేవాళ్ళకు ఇంకో కథ తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే అది రేడియో గురించే. ‘డబ్ల్యూకేఆర్‌పీ ఇన్ సిన్సినాటి’ అనే ధారావాహిక ఒక చిన్న రేడియో స్టేషన్‌లో జరుగుతుంది. 1978 అక్టోబరు 30న వచ్చిన థ్యాంక్స్‌గివింగ్ ఎపిసోడ్‌లో స్టేషన్ మేనేజరు కార్ల్‌సన్, తన స్టేషన్‌లో తనతో ఎవరికీ పనిలేకుండా పోయిందని గమనిస్తాడు. సంగీతం మారింది, కుర్రవాళ్ళు వచ్చారు, అంతా వాళ్ళే చూసుకుంటున్నారు. తానూ ఒక ఘనకార్యం చెయ్యాలని, ఎవరికీ చెప్పకుండా, పండగకు జనానికి టర్కీ కోళ్ళు పంచే ఏర్పాటు చేస్తాడు. హెలికాప్టర్‌లోంచి, ప్రాణాలతో ఉన్నవాటిని! టర్కీలు ఎగురుతాయనుకున్నాడు పాపం. ఆ దృశ్యం మనకు కనిపించదు. ఒక్క కోడి కూడా తెరమీద పడదు. ఉన్నదల్లా దుకాణాల ముందు మైకు పట్టుకుని నిలబడ్డ విలేకరి లెస్ నెస్మన్ గొంతు. మొదట ఉత్సాహం, తర్వాత అయోమయం, తర్వాత భయం, చివరికి గొంతు పెగలకపోవడం. 1937లో హిండెన్‌బర్గ్ గగననౌక కాలిపోతుంటే హెర్బర్ట్ మోరిసన్ చేసిన రేడియో వ్యాఖ్యానాన్ని తలపించేలా ఆ సన్నివేశాన్ని మలిచారు. అమెరికన్ టెలివిజన్‌లో అందరికన్నా ఎక్కువ నవ్వించిన పండగ ఎపిసోడ్లలో ఒకటి వినికిడి మీద నడిచింది. అంత నవ్వు వెనకా ఉన్నది, పనికిరాకుండా పోయానని బాధపడే ఒక పెద్దాయన. స్టేషన్‌కు తిరిగొచ్చి, చెదిరిన జుట్టుతో, టర్కీలు ఎగరగలవనే అనుకున్నానని అతను చెప్పేటప్పుడు జనం నవ్వుతూనే అతని పక్షాన నిలబడతారు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని పక్కన పెట్టడం న్యాయం కాదు. ఈ ఎపిసోడ్లలో చోటు దొరికిన మనుషులందరూ ఎవరు? దాదాపు అందరూ తెల్లవాళ్ళే. మేబెర్రీ దక్షిణాది పల్లె. 1960లో, అదే ఉత్తర కరోలైనాలో, గ్రీన్స్‌బరో పట్టణంలో నల్లజాతి విద్యార్థులు భోజనశాల బల్ల దగ్గర కూర్చునే హక్కు కోసం సత్యాగ్రహం చేశారు. ఆ సంగతి మేబెర్రీ జైలుగది దాకా రాలేదు. ఇది నిజం, దీనికి సమాధానం లేదు, ఒప్పుకోవడమే సమాధానం. కానీ దీనివల్ల నా వాదన బలహీనపడదు, పదునెక్కుతుంది. బయట నిలబడ్డవాడికి చోటివ్వడమే ఆ కథల పని అయితే, ఎవరిని అసలు వాకిట్లోకే రానివ్వలేదో అడగడం ఆ కథలు నేర్పిన ప్రశ్నే. ఆ ప్రశ్న అప్పుడే అడిగినవాళ్ళూ ఉన్నారు. 1970 డిసెంబరు 24న ‘బివిచ్డ్’ వేసిన క్రిస్మస్ కథకు మూలం లాస్ ఏంజెలెస్‌లోని జెఫర్సన్ హైస్కూలు పదో తరగతి పిల్లలు రాసింది. వాళ్ళు నల్లజాతి పిల్లలు. మంత్రాలు తెలిసిన తెల్లపిల్ల టాబితా, నల్లపిల్ల లీసా అక్కచెల్లెళ్ళు కావాలనుకుంటారు, రంగు వేరు కాబట్టి కుదరదని ఎవరో అంటారు. టాబితా మంత్రం వేస్తే తెల్లపిల్ల ఒంటిమీద నల్లచుక్కలు, నల్లపిల్ల ఒంటిమీద తెల్లచుక్కలు లేస్తాయి. ఆ ఎపిసోడ్‌కు 1971లో ఎమ్మీ సంస్థ గవర్నర్ల పురస్కారం ఇచ్చింది. అదే ఎపిసోడ్ చివర్లో, ఒక జాతివివక్షాపరుడికి బుద్ధి చెప్పడానికి తెల్లనటుల ముఖాలకు నల్లరంగు పూశారు. ఇవాళ అది చూడటం కష్టం. పిల్లలు అడిగిన ప్రశ్న సరైనది, పెద్దలు దాన్ని తెరకెక్కించిన తీరులో కొంత తప్పుంది. రెండూ కలిపే చూడాలి. అలా చూడగలిగిన ప్రేమనే నేను ప్రేమ అంటాను. అప్పుడంతా బాగుండేదని కళ్ళు మూసుకునేవాళ్ళు ఆ పదహారేళ్ళ పిల్లల ధైర్యాన్ని కూడా చూడకుండా పోతారు.

ఇంకో అభ్యంతరం, ఇవి తేలికపాటి కన్నీళ్ళు అన్నది. అరగంటలో తీరిపోయే కష్టం ఏం కష్టం అంటారు. చాలా పండగ ఎపిసోడ్ల విషయంలో ఇది నిజమే. పిసినారి ఒక్క రాత్రిలో మారిపోవడం, మంచు పడటం, అందరూ కలిసి పాడటం, ఇవి వందల్లో వచ్చాయి, వందల్లో మరుగునపడ్డాయి. నిలిచినవాటిని చూస్తే ఆ తేలిక కనపడదు. ‘ఆల్ ఇన్ ద ఫ్యామిలీ’ 1976లో సరిగ్గా క్రిస్మస్ రాత్రే వేసిన ఎపిసోడ్ తీసుకోండి. ఛాందసుడైన ఆర్చీ బంకర్ ఇంట్లో పండగ భోజనం. బల్ల దగ్గర ఒక పక్క ఆర్చీ స్నేహితుడు పింకీ, కొడుకును వియత్నాం యుద్ధంలో పోగొట్టుకున్నవాడు. ఇంకో పక్క ఆర్చీ అల్లుడి స్నేహితుడు డేవిడ్, ఆ యుద్ధానికి పోనని కెనడాకు పారిపోయినవాడు. సంగతి బయటపడేసరికి ఆర్చీ గొంతు చించుకుంటాడు. స్నేహితుడి పరువు కాపాడుతున్నానని అతని నమ్మకం. అప్పుడు పింకీ నోరు విప్పుతాడు. తన కొడుక్కీ ఆ యుద్ధమంటే అసహ్యమేనని, వాడు తనకు తోచింది చేశాడని, ఈ అబ్బాయి తనకు తోచింది చేశాడని, తన కొడుకే బతికి ఉంటే ఇతని పక్కన కూర్చునేవాడని చెప్పి, డేవిడ్‌కు చెయ్యందిస్తాడు. ఇద్దరూ భోజనానికి కూర్చుంటారు. ఆర్చీ మాత్రం మారడు. దీని గురించి ఇంకా ఆలోచించుకోవాలన్నట్టు మొండికేస్తాడు, ఎపిసోడ్ అతన్ని అలాగే వదిలేస్తుంది. అధ్యక్షుడు కార్టర్ ఆ పారిపోయినవాళ్ళకు క్షమాభిక్ష ప్రకటించింది 1977 జనవరి 21న. దేశం ఇంకా తేల్చుకోని తగాదాను నాలుగు వారాలు ముందుగా ఒక హాస్య కార్యక్రమం పండగ బల్ల మీదికి తెచ్చింది.

‘మ్యాష్’ ఇంకా ముందుకు వెళ్ళింది. కొరియా యుద్ధంలోని సైనిక ఆసుపత్రి కథ అది. అసలు యుద్ధం మూడేళ్ళు, ధారావాహిక పదకొండు సీజన్లు. చానల్ పట్టుబట్టి నవ్వుల ట్రాకు పెట్టించినా, శస్త్రచికిత్స గదిలో మాత్రం ఆ నవ్వులు వినిపించకూడదని నిర్మాతలు మొదటినుంచీ నిలబడ్డారు. 1980 డిసెంబరు 15న వచ్చిన ఎపిసోడ్‌లో పండగరోజునే ఒక సైనికుణ్ణి తలలో తూటాతో తెస్తారు. బతకడని డాక్టర్లకు తెలుసు. అతని జేబులో భార్యాపిల్లల ఫోటో చూసిన డాక్టర్ బీజే హనికట్, పిల్లలకు జీవితాంతం క్రిస్మస్ అంటే తండ్రి పోయిన రోజు కాకూడదని, అర్ధరాత్రి దాటేదాకా ఊపిరి నిలపాలని పట్టుబడతాడు. నిలపలేకపోతారు. తోటి డాక్టర్ హాకై గడియారం ముల్లును అర్ధరాత్రి దాటించి ముందుకు తిప్పుతాడు, మరణపత్రంలో 26వ తేదీ పడుతుంది. ముగ్గురు బాధ్యతగల మనుషులు తెలిసి తెలిసి దొంగలెక్క రాస్తారు. అదే ఎపిసోడ్‌లో అహంకారి డాక్టర్ వించెస్టర్ తన ఇంటి ఆచారం ప్రకారం అనాథాశ్రమానికి పేరు చెప్పకుండా ఖరీదైన చాక్లెట్లు ఇస్తాడు. అవి నల్లబజారులో కనపడేసరికి ఆశ్రమ నిర్వాహకుడి మీద మండిపడతాడు. ఆయన నెమ్మదిగా చెప్తాడు, ఆ చాక్లెట్లు అమ్మితే పిల్లలకు నెలరోజులకు సరిపడా బియ్యం, క్యాబేజీ వచ్చాయని. వించెస్టర్ నిలువునా కుంగిపోతాడు. అన్నం లేని పిల్లలకు మిఠాయి ఇవ్వబోయిన తప్పు తనదేనంటాడు. శిబిరంలో అందరూ అతన్ని పిసినారి కింద జమకట్టి ఉన్నారు. ఈ మాటలు చాటునుంచి విన్న శిబిరంలోని సైనికుడు క్లింగర్, మిగిలిన పండగ భోజనం తెచ్చి అతనికి పెడతాడు, ఎవరిచ్చారో చెప్పనంటాడు. ఇందులో ఏ కన్నీరు తేలికది?

వీటి వెనక వ్యాపారం ఉంది కదా అంటారు. ఉంది, కాదనడానికి లేదు. అమెరికాలో నవంబరు నెల ప్రేక్షకుల లెక్కలు తీసే నెల. ఆ లెక్కల మీదే స్టేషన్ల ప్రకటనల రేట్లు తేలతాయి. పండగ కొనుగోళ్ళకు ముందు ప్రకటనదారుకు జనం కావాలి. ఏటా ఎందుకు పండగ ఎపిసోడ్ వచ్చేదో చెప్పడానికి ఇది చాలు. అన్నీ అదే డబ్బుతో, అదే తొందరలో తయారైతే, కొన్ని మాత్రమే ఎందుకు మిగిలాయో చెప్పడానికి చాలదు.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం వేరే ఉంది. జనం బెంగపడేది ఎపిసోడ్ మీద కాదు, ఆ రోజు పక్కన కూర్చుని చూసిన అమ్మానాన్నల మీద అంటారు. ఇందులో చాలా నిజముంది. కానీ అదొక్కటే అయితే, ఆ ఇంట్లో ఆ సోఫా మీద చూసిన ప్రతి ఎపిసోడ్ సమానంగా గుర్తుండాలి, ఉండదు. ఆ బాల్యం లేనివాళ్ళకు ఏమీ అనిపించకూడదు, అనిపిస్తుంది. దీనికి మన తెలుగువాళ్ళలోనే సాక్ష్యం ఉంది. కేబుల్ టీవీలో ‘ఫ్రెండ్స్’ చూసిన మన కుర్రకారుకు థ్యాంక్స్‌గివింగ్ అంటే ఏమిటో తెలిసింది ఆ ధారావాహికలోనే. వాళ్ళింట్లో ఎవరూ టర్కీ వండలేదు. 1994లో ఆ ధారావాహిక వేసిన మొదటి థ్యాంక్స్‌గివింగ్ కథలో ఎవరి ప్రయాణాలు వాళ్ళకు తప్పిపోతాయి. ఆరుగురు స్నేహితులూ వాళ్ళలో ఒకరైన మోనికా ఇంటి బయట తాళాలు లేకుండా చిక్కుకుపోతారు, లోపల వంటంతా మాడిపోతుంది, చివరికి కాల్చిన చీజ్ శాండ్‌విచ్‌లతో పండగ చేసుకుంటారు. తన తల్లిదండ్రులు విడిపోతున్నామని చెప్పింది థ్యాంక్స్‌గివింగ్ నాడే కాబట్టి వాళ్ళలో ఒకడైన చాండ్లర్‌కు ఆ పండగంటేనే పడదు. చదువులకు అమెరికా వెళ్ళిన మన పిల్లలకు ఈ కథ ఎందుకు నచ్చుతుందో వేరే చెప్పాలా? ఆ పండగ సెలవుల్లో యూనివర్సిటీ ఖాళీ అయిపోతుంది, తోటివాళ్ళంతా ఊళ్ళకు పోతారు, వీళ్ళకు పోవడానికి ఊరు వేల కిలోమీటర్ల అవతల ఉంటుంది. ఒకరి అపార్ట్‌మెంట్లో చేరి బిర్యానీ వండుకునే ఆ పిల్లలు చూసేది అమెరికా బాల్యాన్ని కాదు, తమలాగే బయట మిగిలిపోయిన ఆరుగురిని.

అలాగని ఏదీ పోలేదని అనను. పోయింది తేదీ. దేశమంతా ఒకే రాత్రి ఒకే కథ చూడటం పోయింది. బ్రిటన్‌లో ‘ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్’ 1996 డిసెంబరు 29న వేసిన పండగ ఎపిసోడ్‌ను 2 కోట్ల 43 లక్షల మంది చూశారు. అప్పటి ఆ దేశ జనాభాలో అది పదిమందిలో నలుగురికి పైమాటే. 1950లలో ఒక సీజన్‌కు 39 ఎపిసోడ్ల దాకా వచ్చేవి, తర్వాత 22 నుంచి 24 అయ్యాయి, స్ట్రీమింగ్ వచ్చాక ఎనిమిదో పదో. సెప్టెంబరు నుంచి మే దాకా వారం వారం నడిచే కథకు డిసెంబరు తప్పదు. ఒక శుక్రవారం మొత్తంగా విడుదలయ్యే కథకు క్యాలెండరుతో సంబంధమే లేదు. పాత పద్ధతిలో నడిచే ‘అబాట్ ఎలిమెంటరీ’ లాంటివాటికి ఇంకా పండగ ఎపిసోడ్లు రావడం గమనించండి. రాసేవాళ్ళ మనసు ఎండిపోలేదు, వాళ్ళకు డిసెంబరు దొరకడం లేదు అంతే.

తేదీ పోయినా తలుపు పోలేదనడానికి ఒక కొత్త ఉదాహరణ ఉంది. ‘టెడ్ లాసో’ రెండో సీజన్‌కు అనుకున్నదానికన్నా రెండు ఎపిసోడ్లు అదనంగా కావాలని దాన్ని విడుదల చేసే స్ట్రీమింగ్ సంస్థ అడిగింది. రచయితలు చేర్చిన రెండిట్లో ఒకటి క్రిస్మస్ కథ. విడుదల క్రమంలో అది 2021 ఆగస్టు 13న వచ్చింది, నడివేసవిలో. లండన్ ఫుట్‌బాల్ క్లబ్బులో పనిచేసే హిగ్గిన్స్ కుటుంబం, ఇళ్ళకు వెళ్ళలేని విదేశీ ఆటగాళ్ళ కోసం ఏటా పండగనాడు తలుపు తీసిపెడుతుంది. మామూలుగా ఒకరో ఇద్దరో వస్తారు. ఆ ఏడు గంట మోగుతూనే ఉంటుంది. ఒక్కొక్కరూ తమ దేశపు వంటకం పట్టుకుని వస్తారు, బల్ల చాలదు, ఇంట్లో దొరికిన బల్లలన్నీ వరసగా చేరుస్తారు. ఆగస్టులో వచ్చిన ఆ ఎపిసోడ్‌ను, దాన్ని ఇష్టపడ్డవాళ్ళు, ఎవరూ చెప్పకుండానే డిసెంబరులో మళ్ళీ పెట్టుకుని చూస్తున్నారు.